ముక్కు చక్రం విరగకముందే: పౌర విమానయాన మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

తిరుపతిలో ఉంటున్న విశ్రాంత విమాన శిక్షకులం, నిర్వహణ ఇంజినీర్లం రాస్తున్న లేఖ ఇది. చిత్తూరు, తిరుపతి జిల్లాల నుంచి ఎందరో పిల్లలు పైలట్ శిక్షణకు వెళ్తున్నారు. వాళ్లను ఇల్లు తాకట్టు పెట్టి మరీ పంపుతున్న తల్లిదండ్రులున్నారు.

శిక్షణ విమానాలు ఎక్కువగా దెబ్బతినేది దిగేటప్పుడే. ఒకే ఇంజిన్ ఉన్న చిన్న శిక్షణ విమానం సెస్నా 172ఎస్‌నే తీసుకోండి. ఫ్లాప్స్ (రెక్కల వెనుక అంచున కిందికి దిగే పలకలు) పూర్తిగా దించాక 60 నుంచి 70 నాట్ల (ఒక నాటు అంటే గంటకు సుమారు 1.85 కి.మీ.) వేగంతో రావాలి. కొత్త విద్యార్థి భయంకొద్దీ 80తో వస్తాడు. వేగం పది శాతం పెరిగితే దిగేందుకు కావలసిన దూరం ఇరవై శాతం పైగా పెరుగుతుంది. చక్రాలు ఆనవు, విమానం తేలుతూ పోతుంది. రన్‌వే అయిపోతోందన్న కంగారులో యోక్ (విమానం ముక్కును పైకీ కిందికీ కదిపే చేతి కంట్రోల్) ముందుకు తోస్తాడు. ముక్కు చక్రం ముందు తగిలి విమానం ఎగిరిపడుతుంది. మళ్లీ తోస్తాడు, ఈసారి ఇంకా ఎత్తుకు లేస్తుంది. మూడో గెంతుకల్లా ముక్కు చక్రం విరగొచ్చు, ప్రొపెల్లర్ నేలకు కొట్టుకోవచ్చు. ప్రొపెల్లర్ తగిలిందంటే ఇంజిన్ విప్పి చూడాల్సిందే.

పెద్ద గెంతు పడగానే దిగే ప్రయత్నం మానేసి మళ్లీ పైకి లేవాలి; దీన్నే గో-అరౌండ్ అంటారు. ముక్కును నిలకడగా పట్టుకుని ఇంజిన్‌కు ఫుల్ పవర్ ఇవ్వాలి, ముక్కు పక్కకు తిరగకుండా కుడి రడ్డర్ పెడల్ నొక్కాలి, ఫ్లాప్స్ 20 డిగ్రీలకు తేవాలి. మిగతా ఫ్లాప్స్ వేగం, ఎత్తు అందాక మెల్లగా తీయాలి. అన్నీ ఒక్కసారే తీస్తే విమానం కుంగిపోతుంది. ఇది చదివితే రాదు, చేతికి అలవాటు కావాలి. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటల ఫ్లయింగ్ ఎంత పక్కాగా లెక్కిస్తారో, మొదటి సోలోకు (విద్యార్థి ఒంటరిగా నడిపే ప్రయాణానికి) ముందు శిక్షకుడి పక్కన చేసిన గో-అరౌండ్లనూ అంత పక్కాగా నమోదు చేయించండి.

ఈ విమానం మాన్యువల్‌లో అడ్డగాలికి (రన్‌వేకు పక్కనుంచి వీచే గాలికి) 15 నాట్లు అని ఉంటుంది. అది పరీక్షా పైలట్లు చేసి చూపిన అంకె, సోలో విద్యార్థికి అనుమతి కాదు. విద్యార్థి దశను బట్టి తక్కువ పరిమితిని ప్రతి శిక్షణ సంస్థా రాసిపెట్టాలి.

అన్నిటికన్నా మమ్మల్ని కలవరపెడుతున్నది దాచిపెట్టడం. గట్టిగా దిగినట్టు విద్యార్థి చెప్పకపోతే ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య గోడ) రేకు మీది ముడత, వదులైన రివెట్లు, ముక్కు స్ట్రట్‌లో (ముక్కు చక్రం కుదుపును తట్టుకునే కాలులో) ఆయిల్ లీకు ఎవరి కంటా పడవు. అదే విమానం తర్వాతి విద్యార్థి చేతికి వెళ్తుంది. చెప్పినవాడికి జరిమానా, తిట్లు ఉండకూడదని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ద్వారా ఆదేశమివ్వండి. సంస్థలకు ర్యాంకులిచ్చేటప్పుడు కూడా, ఇలాంటి సంఘటనలు తనంతట తాను తెలిపిన సంస్థకు మార్కులు కోయకండి.

ఇట్లు,
తిరుపతి విశ్రాంత విమాన శిక్షకులు, ఇంజినీర్లు