ఆ అయిదు వారాలకు కృతజ్ఞతలు

ఇల్లు వదిలి శిబిరానికి వచ్చాక మూడు నెలలు నాకు సరైన నిద్ర లేదు. కన్ను మూతపడగానే ఎవరో తలుపు బాదుతున్నట్టు ఉలిక్కిపడి లేచేదాన్ని. మేముండే గుడారానికి తలుపే లేదని గుర్తొచ్చి గుండె దడ తగ్గేసరికి తెల్లారిపోయేది.

"ధైర్యంగా ఉండు, పిల్లల కోసమైనా గుండె రాయి చేసుకో" అని అందరూ అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ ఆ మాట విన్నప్పుడల్లా లోపం నాలోనే ఉందేమో అనిపించేది.

మా దగ్గరికి వచ్చిన వాలంటీర్ చెల్లి ఆ మాట అనలేదు. ఏం జరిగిందో చెప్పమని ఒత్తిడి చేయలేదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని మాత్రం మొదటి రోజే సూటిగా అడిగింది. అవునంటే వెంటనే డాక్టర్ దగ్గరికి పంపేదట. అంతవరకూ ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. తర్వాత "ఇప్పుడు మీకు అన్నిటికన్నా కష్టంగా ఉన్నదేంటక్కా?" అంది. చిన్నోడి బడి కాగితాలు అన్నాను. అయితే ముందు ఆ సంగతే చూద్దామంది. మనసు గురించి మాట్లాడటానికి వచ్చిన మనిషి కాగితాల దగ్గర మొదలుపెట్టడం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. నా టెన్షన్‌లో సగం నిజంగా అక్కడే ఉంది.

ఆమె డాక్టర్ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో విడుదల చేసిన 'ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్' అనే పద్ధతిలో శిక్షణ తీసుకుంది. వారానికోసారి గంటన్నర, మొత్తం 5 వారాలు. నెమ్మదిగా ఊపిరి తీయడం, చేతికందే సమస్యను విడదీసి చూడటం, మానేసిన పనిని మళ్లీ కొద్దికొద్దిగా మొదలుపెట్టడం, తోడు కూడగట్టుకోవడం నేర్పింది.

నాకు కుట్టుపని వచ్చు. కానీ వచ్చినప్పటి నుంచి సూదీ దారం ముట్టలేదు. మూడో వారం ఆమె "రోజుకు పది నిమిషాలు చాలక్కా" అంది. పక్క గుడారం పెద్దమ్మ మనవడి చొక్కా భుజం దగ్గర పిగిలితే కుట్టిచ్చాను. మర్నాడు ఇంకో ఇద్దరు బట్టలు పట్టుకొచ్చారు. అన్ని నెలలూ వరసలో చెయ్యి చాచి నిలబడ్డదాన్ని, నా చేత్తో ఒకరికి ఇచ్చాను. ఆ రాత్రి నాలుగు గంటలు ఏకబిగిన నిద్రపోయాను.

ఇంకా కొన్ని రాత్రులు మెలకువ వస్తుంది. అప్పుడు గుడ్డ గోడ అవతల నుంచి పెద్దమ్మ "లేచావా తల్లీ" అంటుంది. పెద్దమ్మా, ఆ పలకరింపుకు నీకు దండం పెడుతున్నాను.

చెల్లీ, నువ్వు వేరే శిబిరానికి వెళ్లావని విన్నాను. చిన్నోడికి బడిలో చోటు దొరికింది. నీకు చెప్పమన్నాడు.