ప్రకాశం బజార్ కాకాకు కృతజ్ఞతలు

నల్లగొండ ప్రకాశం బజార్‌లో పుస్తకాల దుకాణంలో గుమాస్తాగా పనిచేసిన కాకా, మీ పేరు నాకు తెలియదు. అందరిలాగే నేనూ కాకా అనే పిలిచాను.

మాది బత్తాయి తోట. చలికాలం చివర పూత పడితే కాయ కోతకొచ్చేది ఆగస్టు దాటాకే. బడులేమో జూన్‌లో తెరుస్తారు. తోట ఉన్న ఇళ్లలో కూడా ఆ రెండు నెలలు చేతిలో పైసలుండవు. ఈ లెక్క పట్నంలో చాలామందికి తెలియదు, మీకు తెలుసు. మా నాన్న నోరు తెరిచి అడగకముందే, "బత్తాయి పైసలొచ్చినంక ఇద్దురులే" అని ఖాతా పుస్తకంలో రాసుకునేవారు. సేటు ఊకోకపోతే నేను పూచీ అన్నారట. అది నాన్న చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు.

గడియారం సెంటర్ నుంచి ఆ దుకాణం దాకా నడవడమే నాకు పండుగ. బెల్లం దిమ్మెల వాసన, గాజుల మలారాలు, స్టీలు సామాను మీద పేర్లు చెక్కే టకటక చప్పుడు. చివర్లో మీరు. నోటు పుస్తకాలకు ఖాకీ అట్టలు వేసి, లేబుల్ మీద నా పేరు గుండ్రంగా రాసేవారు. పాత గైడు ఎవరైనా తిరిగిస్తే నాకోసం దాచేవారు.

పదో తరగతి పాసయ్యానని చెప్పడానికి వస్తే మీరు అక్కడ మానేశారన్నారు. ఊరెక్కడో ఎవరూ చెప్పలేకపోయారు.

ఇప్పుడు నేను సర్కారు బడిలో లెక్కలు చెబుతున్నాను కాకా. మీ ఇంట్లో ఎవరు చదివినా ఈ మాట మీకు చేర్చమని వేడుకుంటున్నాను. మీకు, మీ ఇంటిల్లిపాదికీ నా దండాలు.