కనకాంబరం రంగు, మామిడి చిగురు రంగు

బెంగళూరు
ఆషాఢం, ఆదివారం రాత్రి

ఏమే పిల్లా,

ఫోన్లో అయితే సగం చెప్పి సగం మర్చిపోతానని ఉత్తరమే రాస్తున్నా. తలకి గోరింటాకు పెట్టుకున్నానే! నలభై మూడేళ్లు వచ్చాక ఇదే మొదటిసారి. సంక్రాంతికి నువ్వు ఆ నల్లరంగు వేసుకుని, నుదుటి నిండా దద్దుర్లతో, కళ్లు వాచిపోయి కూర్చున్నావే, ఆ మొహం నన్ను వదల్లేదు. ముందు నేను పెట్టుకుని చూసి, బాగుంటేనే నీకు చెప్పాలనుకున్నా. అందుకే పూసగుచ్చినట్టు రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

పొడి మల్లేశ్వరంలో కొన్నాను. ఇక్కడ మూలికలు, వేర్లు, పొడులు అమ్మే కొట్టుని గ్రంథిగె అంగడి అంటారు. పెద్దాయన మూడు డబ్బాలు తీసి చూపించాడు. ఒకటి మరీ చిలకపచ్చగా ఉంది. అది చూడ్డానికే బాగుంటుంది, వద్దమ్మా అన్నాడు. రెండోది కాస్త గోధుమ కలిసిన పచ్చ. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎండుగడ్డి వాసన. సోజత్ నుంచి వచ్చిందట. రాజస్థాన్‌లో పాలీ జిల్లా ఊరది. అక్కడి గోరింటాకుకి 2021లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పావుకిలో కట్టించుకున్నా. నా భుజాల దాకా ఉన్న జుట్టుకి అందులో సగమే పట్టింది.

ఇంటికొచ్చి వెంటనే తలకి పట్టించలేదు. దువ్వెనకి వచ్చిన తెల్ల వెంట్రుకలు వారం రోజులు పోగేసి, దారంతో చిన్న కుచ్చులా కట్టి, ముందు దానికి పెట్టి చూశా. మోచేతి మడతలో కాస్త రాసి రెండు రోజులు ఆగా. దురద లేదు, ఎర్రబడలేదు. అప్పుడు ధైర్యం వచ్చింది.

ఇక నానబెట్టడం. అమ్మ చేసినట్టే ఇనుప మూకుడు తీశాను. చిక్కటి టీ డికాక్షన్ గోరువెచ్చగా పోసి, చెంచాడు ఉసిరిపొడి వేసి, అరచెక్క నిమ్మకాయ పిండి, గరిటజారుగా కలిపి మూతపెట్టా. నాలుగైదు గంటలు చాలన్నారుగానీ, ఈ ఊరు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉందాయె, ఈ నెలలో రాత్రిళ్లు దుప్పటి కావాలి. చలికి ఆకు రంగు దిగడం ఆలస్యం. రాత్రి పదింటికి కలిపితే తెల్లారి ఎనిమిదికి గానీ పైపొర గోధుమరంగుకి తిరగలేదు. అరచేతిలో బొట్టంత పెట్టి ఐదు నిమిషాలాగి తుడిస్తే నారింజ మచ్చ పడింది. అంటే రంగు దిగినట్టు. మీ తెనాలి ఎండల్లో ఇంతసేపు పట్టదు, నువ్వు మూడు గంటల నుంచే చూస్తూ ఉండు.

మూత తీయగానే వచ్చిన వాసన గురించి నీకు వేరే చెప్పాలా? మా అమ్మమ్మ ఆషాఢంలో రోట్లో గోరింటాకు రుబ్బుతుంటే మనిద్దరం చెరో పక్కన గొంతుక్కూర్చునేవాళ్లం. అచ్చం అదే వాసన. రాత్రి వేళ్లకి పెట్టించుకుని, పక్కకి తిరగకుండా పడుకుని, తెల్లారి ఎవరిది బాగా పండిందో చూసుకునేవాళ్లం. వంటింట్లో మూకుడు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. కళ్లనీళ్లు వచ్చేశాయే.

మావారు పాయలు తీసిపెడితే నేను పట్టించుకున్నా. చెవుల మీద, నుదుటి అంచున ముందే కొబ్బరినూనె రాశా, చర్మానికి మరక పడకుండా. పాపిడి దగ్గర, చెంపల దగ్గర మందంగా పెట్టా, తెల్లవన్నీ అక్కడేగా. చేతులకి తొడుగు తప్పనిసరి. అంతా పెట్టేసరికి తల మీద తడిమట్టి మోసినంత బరువు. మెడ లాగింది. ప్లాస్టిక్ టోపీ, దాని మీద పాత తువ్వాలు చుట్టుకుని మూడు గంటలు కూర్చున్నా. మధ్యలో చలేసి అల్లం టీ తాగా. నీకు తొందరగా జలుబు చేస్తుంది కదా, మిట్టమధ్యాహ్నం పెట్టుకో.

కడగడమే పెద్ద పని. మాకు కావేరి నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయి, మిగతా రోజుల్లో బోరు నీళ్లే. అందుకే కావేరి వచ్చే రోజు చూసి పెట్టుకున్నా. ఎన్ని చెంబులు పోసినా పచ్చనీళ్లే, ఇసకలాంటి నలక. కండిషనర్ గుప్పెడు రాసి వేళ్లతో దువ్వితే అప్పుడు వదిలింది. షాంపూ రెండు రోజులు ముట్టలేదు.

రంగు సంగతికొస్తా. మొదటిరోజు అద్దంలో చూసుకుంటే చెంపల దగ్గర కనకాంబరాలే! గుండె గుభేలుమంది. రెండోరోజుకి తగ్గింది. మూడోరోజు పొద్దున బాల్కనీలో ఎండలో నిలబడితే మావారు పిలిచి మరీ చూపించారు, తెల్లవెంట్రుకలన్నీ మామిడి చిగురు రంగుకి తిరిగాయి. గాలి తగిలేకొద్దీ ముదురుతుందట. నల్లవెంట్రుకలు నల్లగానే ఉన్నాయి, ఎండ పడితే మాత్రం ఎర్రటి మెరుపు. ఆకులో లాసోన్ అని ఒక రంగు ఉంటుందట, అది వెంట్రుకలోని కెరటిన్ అనే మాంసకృత్తిని పట్టుకుంటుంది. గోరులో ఉండేదీ ఆ కెరటినే. చిన్నప్పుడు గోటిరంగు గోరు పెరిగి కత్తిరించేదాకా పోయేది కాదు, గుర్తుందా? జుట్టుకీ అంతే. నచ్చకపోతే కడిగితే పోయేది కాదు, బాగా ఆలోచించుకుని పెట్టుకో.

ఇప్పుడు అసలు మాట. అరగంటలో నల్లగా చేసే గోరింటాకు అని ఎవరు అమ్మినా కొనకు. గోరింటాకు ఒక్కటే నలుపు ఇవ్వదు. అలాంటి పొట్లాల్లో చాలావాటిలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది, మామూలు నల్లరంగుల్లో ఉండేదే. అది ఒకసారి పడకపోతే మళ్లీ మళ్లీ పడదు. నీ దద్దుర్లకి కారణం అదేనేమో చర్మం డాక్టర్ని అడుగు. నలుపే కావాలంటే గోరింటాకు పెట్టి కడిగాక నీలి ఆకు పొడి పెట్టాలి. దాన్ని రాత్రంతా నానబెట్టకూడదు, కలిపిన పావుగంటలో తలకి పట్టించెయ్యాలి. నేనూ ఒక పొట్లం తెచ్చానుగానీ విప్పలేదు. ఈ ఎరుపు నాకు నచ్చింది. ఆఫీసులో ఇద్దరు అదోలా చూశారు, చూడనీ.

ఇంకోటి, మర్చిపోకముందే రాస్తున్నా. మీ చెల్లి బాబుకి జి6పిడి లోపం, అంటే ఎర్రరక్తకణాల్ని కాపాడే ఎంజైమ్ తక్కువ అని డాక్టర్ చెప్పారన్నావు కదా. వాడి చేతికీ కాలికీ ముద్దుకైనా గోరింటాకు పెట్టనివ్వకండి. అలాంటి పిల్లలకి గోరింటాకు వల్ల ఎర్రరక్తకణాలు విరిగిపోయే ప్రమాదం ఉంది. ఈ ఒక్కమాట మీ అమ్మకి ఇవాళే ఫోన్ చేసి చెప్పు.

మిగిలిన పొడి గాలి తగలకుండా డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టా, నీ వాటా అది. వచ్చే నెల ఎలాగూ వస్తానన్నావు. మోచేతి మీద పరీక్ష చేసుకునేందుకు రెండు రోజులు ముందే రా. వస్తూ వస్తూ మీ పెరట్లో గోరింట కొమ్మలు నాలుగు విరుచుకుని తడిగుడ్డలో చుట్టి పట్రా. తలకి పొడి ఉంది, చేతులకి మాత్రం ఆకు రుబ్బే పెట్టుకుందాం. రోలు లేదు, చిన్న కల్వం ఉంది.

నీ
నేను