టెర్రస్ తలుపుకు తాళం తీయండి

సంపాదకులకు నమస్కారం.

అపార్ట్‌మెంట్ సంఘం మీటింగుల్లో భద్రత మాట వస్తే చాలు, చర్చంతా సీసీ కెమెరాల చుట్టూనే తిరుగుతుంది. దొంగల భయం ఉండాల్సిందే. అయితే 2023 నవంబరు 13న హైదరాబాద్ బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ గ్రౌండ్ ఫ్లోర్‌లో నిల్వ ఉంచిన కెమికల్ డ్రమ్ములు అంటుకుని కనీసం 9 మంది చనిపోయారు. ఆ తర్వాతైనా మన సెల్లార్లు ఖాళీ అయ్యాయా? పాత పరుపులు, పెయింటు డబ్బాలు, అట్టపెట్టెలు ఇంకా అక్కడే, అదీ మీటర్ల బోర్డు పక్కనే.

కింద మంట లేస్తే మెట్లదారే పొగగొట్టమవుతుంది. టెర్రస్ తలుపు మూసి ఉంటే పొగ ముందుగా కమ్మేది పై అంతస్తునే. ఆ తలుపుకేమో తాళంకప్ప, తాళంచెవి వాచ్‌మన్ గదిలో మేకుకు. కప్ప తీసేసి లోపలివైపు గట్టి గడియ పెట్టించండి. పక్క బిల్డింగు మీంచి దూకి వచ్చే దొంగకు అది తెరుచుకోదు, లోపలున్నవాళ్లకు చెవి వెతుక్కునే పని ఉండదు. పిల్లలు పైకి వెళ్తారన్న బెంగ ఉంటే తలుపుకు మ్యాగ్నెటిక్ సెన్సర్ బిగించి, బజర్ వాచ్‌మన్ దగ్గర పెట్టించవచ్చు. మెట్ల మీద చెప్పుల స్టాండ్లు, సైకిళ్లు ఒక్కటి కూడా ఉండకూడదు.

మీటర్ల బోర్డులో మంటకు ఎక్కువగా లూజు కనెక్షనే కారణం. ఎండాకాలం ఏసీల లోడు పడగానే ఆ బిగువు తగ్గిన చోటే వేడెక్కుతుంది. వైరు కొస దగ్గర తొడుగు నల్లబడినా, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా ఆగకూడదు. ఫిబ్రవరిలోనే లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో, సరఫరా ఆపించి, స్క్రూలన్నీ బిగించాలి. బోర్డుకు కాస్త ఎడంగా, చేతికందేలా మంటలార్పే 4.5 కిలోల సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ ఉండాలి. నీళ్లు మాత్రం చల్లవద్దు.

ప్రతి అంతస్తులో 6 కిలోల ఏబీసీ పౌడర్ (మంటలార్పే పొడి) సిలిండర్ సరిపోతుంది. దాని ప్రెషర్ మీటరు ముల్లు పచ్చగీతలో ఉందో లేదో నెలకోసారి చూడాలి. లోపల పౌడరు గడ్డకట్టకుండా అప్పుడప్పుడు తలకిందులు చేసి కదిలించాలి. పిన్ను లాగి, రెండు మూడు మీటర్ల దూరం నుంచి మంట మొదట్లోకి కొట్టాలి. పైకి ఎగసే మంట మీద కొడితే పౌడరంతా వృథా, అది వచ్చేది కొద్ది సెకన్లే.

మెట్లదారి అప్పటికే పొగతో నిండిపోతే బయటికి రావద్దు, లిఫ్టు ఎక్కవద్దు. తలుపు మూసి, కింది సందులో తడిగుడ్డ కుక్కి, బాల్కనీలోంచి 101కి ఫోన్ చేయాలి.

కెమెరాల విషయంలో ఒక్క మాట. హార్డ్ డిస్కు పాడైనా తెర మీద బొమ్మ మామూలుగానే కదులుతుంది, రికార్డింగు మాత్రం ఉండదు. అందుకే వారానికోసారి ముందురోజు తెల్లవారుజాము 3 గంటల రికార్డింగు వేసి చూడండి.

– అపార్ట్‌మెంట్ సంఘం సభ్యులు, హైదరాబాద్