గ్రంథాలయాల్లో పఠన ప్రణాళికలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మా కడపలో గ్రంథాలయానికి వచ్చేవారిలో ఎక్కువమంది పోటీ పరీక్షల అభ్యర్థులు, తక్కినవారు పత్రికల కోసం వచ్చే పెద్దలు. ఏం చదవాలో వీరికి ముందే తెలుసు. ఉద్యోగంలో కుదురుకున్నాకనో, పదవీ విరమణ చేశాకనో ఒక విషయాన్ని సొంతంగా, మొదలంటా నేర్చుకోవాలని వచ్చే వారికి మాత్రం ఏ పుస్తకంతో ఆరంభించాలో, ఆ తరువాత దేన్ని అందుకోవాలో చెప్పే దిక్కు లేదు. బీరువాలో చేతికందిన పుస్తకం తీసుకెళతారు, నాలుగు పుటలకే కొరుకుడు పడక తిరిగి ఇచ్చేస్తారు.

సీమ చరిత్రనే తీసుకుందాం. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కర్నల్ కాలిన్ మెకంజీ సహాయకులు 19వ శతాబ్ది తొలినాళ్లలో ఊరూరా తిరిగి సేకరించిన కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్ర రాతలు, మన జిల్లాకు దొరికిన పెన్నిధి. ఊరు ఎలా వెలసింది, ఏ గుడికి ఎవరు మాన్యం ఇచ్చారు, ఏ పాలెగాడు ఎప్పుడు ఏలాడు అన్న సంగతులు వాటిలో ఉంటాయి. అయితే మాన్యం, శ్రోత్రియం, ఇజారా వంటి మాటల వెనుక ఉన్న భూమి ఏర్పాట్లు తెలియకుండా వాటిని తెరిస్తే ఒక్క పేరా సాగదు. ముందుగా ఆంధ్రుల చరిత్రపై ఒక చిన్న పుస్తకం చదవాలి. తరువాత తొలి తెలుగు శాసనంగా చెప్పే క్రీ.శ. 575 ప్రాంతపు కలమళ్ల శాసనం మొదలుకొని మన ప్రాంతాన్ని ఏలిన రేనాటి చోళుల శాసనాలు, ఆ వెనుక విజయనగర కాలం చదివి అప్పుడు కైఫీయత్తులకు రావాలి. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి అప్పగించడం, ఇక్కడి కలెక్టరు మన్రో దొర ఒక్కో రైతు పేరిట శిస్తు నిర్ణయించడం అటుపైన చదివితే సులువుగా ఒంటబడతాయి.

ఏడాదికి ఒకే విషయం, ఐదారు పుస్తకాలు చాలు. రోజుకు ఇన్ని పుటలని లెక్క పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే శాసన పాఠం ఒక్క పుటకే ఒక సాయంత్రం పట్టవచ్చు. దానికి బదులు ప్రతి అధ్యాయం ముగియగానే పుస్తకం మూసి, గుర్తున్నది సొంత మాటల్లో అర పుట రాసుకోవాలి. రాయలేకపోయిన చోటును మళ్లీ చదవాలి.

ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్న పౌరులుగా మేం అడిగేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. చరిత్ర, వ్యవసాయం, ప్రాచీన సాహిత్యం, ఖగోళం వంటి విషయాలకు స్థానిక అధ్యాపకుల చేత వరుస క్రమంలో జాబితాలు రాయించి, ఒక్కొక్క పుస్తకం ఏ బీరువాలో ఉందో కూడా చూపుతూ, శాఖా గ్రంథాలయాలన్నింటిలో ప్రదర్శించాలని జిల్లా గ్రంథాలయ సంస్థను కోరుతున్నాను. జాబితాలో ఉండి బీరువాలో లేని పుస్తకాలను వచ్చే కొనుగోళ్లలో ముందుగా తెప్పించాలి.

— ఒక పాఠకుడు, కడప