పసిబిడ్డ మెడ మీద కత్తి పెట్టే ముందు స్కాన్ తీయాలి

సంపాదకుల వారికి నమస్కారం.

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి పసిబిడ్డలను ఎత్తుకుని వైద్యానికి చెన్నై వచ్చే తెలుగువారిని ఏళ్ల తరబడి చూస్తున్నాను. ఈసారి ఆ కష్టం మా ఇంటికే వచ్చింది. పుట్టిన తొమ్మిదో రోజున మా మనవడి మెడకు ఎడమవైపు నిమ్మకాయంత వాపు కనిపించింది. పాలు తాగుతుంటే గురక వచ్చేది. మొదట చూపించిన నర్సింగ్ హోమ్‌లో అది చీముగడ్డ అనీ, మర్నాడే కోసేద్దామనీ అన్నారు. స్కాన్ తీయనిదే కత్తి పెట్టనివ్వనని మా కోడలు పట్టుబట్టింది.

అల్ట్రాసౌండ్ తీసిన డాక్టరమ్మ తెర మీద నల్లటి నీటితిత్తిలో తళుక్కుమంటున్న చుక్కలు చూపించి, అవి గాలి బుడగలనీ, ఈ వయసు బిడ్డకు ఎడమవైపు తిత్తిలో గాలి కనిపిస్తే దానికి గొంతులోంచి దారి ఉందేమోనని ముందుగా అనుమానించాలనీ చెప్పారు. పిండదశలో మెడ రూపుదిద్దుకునేటప్పుడు మూసుకుపోవలసిన సన్నని దారి మిగిలిపోతే వచ్చే అరుదైన లోపం ఇది. పైన కోసి చీము తీసినా లోపలి రంధ్రం అలాగే ఉంటుంది గనుక గడ్డ మళ్లీ మళ్లీ లేస్తుంది. వాపు పెరిగి శ్వాసనాళాన్ని నొక్కితే ప్రాణానికే ముప్పు. లింఫు అనే ఒంటి ద్రవాన్ని మోసే నాళాల్లో ఏర్పడే తిత్తి కూడా చూపుకు ఇలాగే ఉంటుంది కానీ దాని చికిత్స వేరు.

ఆ తర్వాత ఎంఆర్‌ఐ స్కాన్ కూడా తీయాలనగానే మత్తు ఇస్తారేమోనని మేం హడలిపోయాం. బిడ్డ ఊపిరి కుదుటపడ్డాక నర్సమ్మ పాలు పట్టించి, చెవులు మూసి, మెత్తటి గుడ్డలో బిగువుగా చుట్టి, నిద్రపోయేదాకా భుజాన వేసుకున్నారు. యంత్రం దడదడలాడుతున్నా వాడు కదల్లేదు. మత్తు అవసరం రాలేదు.

పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే కేంద్ర పథకం, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, దాని పుట్టుకతో వచ్చే లోపాల జాబితాలో గ్రహణం మొర్రి, వంకర పాదం, గుండె లోపం వంటివి ఉన్నాయి. మెడ వాపు పేరు లేదు. అరుదైనది కాబట్టి వదిలేశారనుకున్నా, అరుదైనదాన్నే కదా డాక్టర్లు పొరబడేది! గర్భిణుల కోసం అల్ట్రాసౌండ్ యంత్రం పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఎలాగూ ఉంటుంది, దానికి రేడియేషన్ భయమూ లేదు. ఊపిరి ఆడని అత్యవసరం తప్ప, నవజాత శిశువు మెడ వాపును అల్ట్రాసౌండ్ చూడకుండా కోయరాదని ఆరోగ్యశాఖ రాతపూర్వకంగా ఆదేశించాలి. ఎగ్మూరు పిల్లల ఆసుపత్రి వంటి చోట్ల, పాలు తాగి నిద్రపోయే శిశువుల కోసం ఎంఆర్‌ఐకి వారంలో కొన్ని గంటలు విడిగా కేటాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తాతయ్య,
విల్లివాక్కం, చెన్నై