పంది మాంసం కోసేవాళ్ల చేతుల గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం. పందులు అనగానే మన పేపర్లలో దోమలు, మెదడువాపు అనే వస్తుంది. అది నిజమే, జపనీస్ ఎన్సెఫలైటిస్ వైరస్ పందుల్లో పెరిగి దోమకాటు వల్ల మనకొస్తుంది. కానీ దోమతో పని లేకుండా పంది నుంచి నేరుగా వచ్చే మెదడు పొర జ్వరం ఇంకోటుంది, బ్యాక్టీరియాది, స్ట్రెప్టోకాకస్ సుయిస్ అంటారు. దాని గురించి మావైపు ఎవరూ చెప్పగా వినలేదు.

మా బావ ఆదివారం ఆదివారం ఆమదాలవలస దగ్గర పంది మాంసం కోసి అమ్ముతాడు. మొన్న చూస్తే వేలికి లోతుగా తెగి ఉంది, దానికో గుడ్డపేలిక చుట్టేసి ఆ చేత్తోనే తలకాయ కోస్తున్నాడు. అడిగితే "ఏటవుద్దిరా, ఇరవై ఏళ్ల నుంచి కోస్తన్నాను" అన్నాడు. నాకు భయం అక్కడే, ఎందుకంటే ఈ బ్యాక్టీరియా ఆరోగ్యంగా కనపడే పంది ముక్కులోనూ గొంతులోనూ కూడా ఉంటుంది, మనిషికి చేతి మీద గాయంలోంచి ఎక్కిపోతుంది. చైనాలో సిచువాన్‌లో 2005లో 200 మందికి పైగా ఇది వచ్చి 38 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది జబ్బుపడ్డవో చచ్చినవో పందుల్ని ఇంటి దగ్గర కోసిన రైతులే. వియత్నాంలో పచ్చి రక్తం తినడం వల్ల కూడా వస్తుంది. మనవాళ్లు రక్తమైనా బాగా ఉడకబెట్టే తింటారు కాబట్టి ఆ బాధ తక్కువే, మన బాధంతా కోసే చేతులకి, కడిగే ఆడవాళ్లకి.

జ్వరం, తలనొప్పి, వాంతులు, మెడ పట్టేయడం వస్తాయి, వాటితోపాటు చెవులు వినపడకపోవడం ఇందులో ఎక్కువ. పెన్సిలిన్ లాంటి మామూలు యాంటీబయాటిక్స్‌కి లొంగుతుంది, అయినా ప్రాణం నిలబడ్డాక చాలామందికి చెవుడు ఉండిపోతుంది. జ్వరమొస్తే మావాళ్లు ఆర్ఎంపీ దగ్గర ఇంజక్షన్ చేయించుకుని వచ్చేస్తారు, పంది పని చేస్తానని చెప్పరు, చెప్పుకోడానికి సిగ్గు కూడా, ఆ సిగ్గు మనం పెట్టిందే.

అందుకని పశువుల డాక్టర్లు, పీహెచ్‌సీ వాళ్లు, ఆశా వర్కర్లు ఆదివారం పొద్దున్న ఈ దుకాణాల దగ్గరికొచ్చి చెప్పాలి, పంచాయతీలు గ్లౌజులూ సబ్బూ నీళ్లూ ఇప్పించాలి, చచ్చిన పందిని కోయనివ్వకూడదు. మీరూ ఒక వార్త వెయ్యండి సార్. నేనైతే రబ్బరు గ్లౌజులు రెండు జతలు కొనిచ్చాను, ఆ వేలు మానేదాకా కత్తి పట్టుకోవద్దని మా అక్క చేత చెప్పించాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా